తొందర లేదు

ఆ బడిలో కరెంటు మీద నమ్మకం ఉన్న మనిషి ఒక్కరూ లేరు. ఎప్పుడు పోతుందో, పోయినది ఎప్పుడు వస్తుందో తెలియదు గనక, ఉన్నప్పుడే అన్నీ నింపి పెట్టుకోవాలన్నది స్టాఫ్ రూం ధర్మం. మంచినీళ్ళ డ్రమ్ము నిండుగా ఉండాలి. ఫోన్లు నిండుగా ఉండాలి. డిజిటల్ క్లాసు కోసం సర్కారు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు మరీ నిండుగా ఉండాలి. సాయంత్రం వాటిని ఛార్జింగుకు పెట్టి, గదికి తాళం వేసి ఇళ్ళకు పోయేవాళ్ళు. తెల్లారేదాకా అవి నిండిన కడుపుతోనే మళ్ళీ మళ్ళీ తింటూ ఉండేవి. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటే ఉబ్బడం మొదలైంది.

హిందీ చెప్పే నుస్రత్ మేడం తన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెడితే అది కుదురుగా నిలబడక అటూ ఇటూ ఊగింది.

"ఇదేంది ప్రమీలా, పూరీ లెక్క పొంగింది?"

ఫిజిక్స్ చెప్పే ప్రమీల దాన్ని మెల్లగా తిరగేసి చూసి, ప్లగ్గు పీకేసింది.

"బ్యాటరీ ఉబ్బింది మేడం. దీన్ని మళ్ళ పెట్టకండి. గబగబ నింపుతున్నం, నిండినంక గూడ అట్లనే వదిలేస్తున్నం. మీరు సర్వపిండి చేసేటప్పుడు పెద్దమంట పెడితే ఏమైతది?"

"అడుగు మాడ్తది, మీద పచ్చిగుంటది."

"ఇది గూడ అంతే. సన్నమంట మీద, అవసరం ఉన్నంతవరకే."

లెక్కల ఐలయ్య సార్ కాపీలు దిద్దుతూ తలెత్తాడు. "పిల్లలకు చదువు గూడ అట్లనే చెప్పాలె టీచరమ్మా. మనమేమో ఏడాదంత ఊకుండి, పరీక్షల ముందు పెద్దమంట పెడ్తం."

ప్రమీల తమ్ముడు తిరుమల్ హనుమకొండ శివారులోని ఒక బ్యాటరీ పరిశోధనశాలలో పనిచేస్తున్నాడు. అక్క చెప్పిన మాట విని, ఆ శనివారమే బడికి వచ్చాడు. తన జట్టు తయారుచేసిన చిన్న ప్రోగ్రాం ఒకటి అన్ని ల్యాప్‌టాప్‌లలో ఎక్కించాడు. దాని పేరు నిదానం.

"ఇది ఛార్జింగును మెల్లమెల్లగ ఎక్కిస్తది సార్. మీకెప్పుడు అవసరమో కనుక్కొని, సరిగ్గ ఆ యాళ్ళకు నింపుతది. ముందుగ నింపదు, ఎక్కువ నింపదు."

"నాకెప్పుడు అవసరమో దానికెట్ల తెలుస్తది?" అన్నాడు ఐలయ్య సార్. "నాకే తెల్వదు."

"మీ వేళ్ళు చెప్తయి సార్. మీటను ఎట్ల కొడుతున్నరు, ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ నడుమ ఎంత ఆగుతున్నరు, ఎక్కడ తప్పు కొట్టి దిద్దుకుంటున్నరు. నిద్రమత్తుల ఉన్న మనిషి ఒక తీరు కొడ్తడు, జరమొచ్చే మనిషి ఇంకో తీరు. వేలమంది వేళ్ళు చూసి నేర్చుకున్నది ఇది. చివర ఎవరు కూసుంటే వాళ్ళ వేళ్ళను బట్టి, ఆ మనిషి మళ్ళ ఎప్పుడు వస్తడో లెక్క కడ్తది."

"అంటే జోతిష్యం."

"చిలక ఒక్కటి తక్కువ సార్," అని తిరుమల్ నవ్వాడు.

తెర అడుగున, ఛార్జింగు ఎక్కేకొద్దీ పెరిగే సన్నటి పచ్చగీత ఒకటి కనిపించేది. దాని పక్కన చిన్న వాక్యం: 'సోమవారం ఉదయానికి సిద్ధం' అనో, 'మధ్యాహ్నానికి సిద్ధం' అనో. ఒక శుక్రవారం సాయంత్రం నుస్రత్ మేడం కొత్త ల్యాప్‌టాప్ మాత్రం 'బుధవారం ఉదయానికి సిద్ధం' అంది. సోమవారం క్లాసుందని ఆమె దాన్ని బాగా తిట్టింది. శనివారం ఆమెకు జ్వరం వచ్చింది. బుధవారం ఉదయం నీరసంగా బడికి వచ్చి మూత తెరిస్తే అది ఎదురుచూస్తున్నట్టు సిద్ధంగా ఉంది. స్టాఫ్ రూమంతా చప్పట్లు కొట్టింది.

వేసవి సెలవులకు ముందు ఆఖరి పనిదినాన అన్ని తెరల మీదా ఒకటే మాట వచ్చింది: 'తొందర లేదు.' దగ్గరలో అవసరం లేనప్పుడు అది అలా అంటుంది.

ఆ మాట తిరుమల్ పెట్టింది. అసలు అది వాళ్ళ బాపు మాట. బాపు ఆర్టీసీ డ్రైవరు. పొద్దున బడి సంచులు ఊగుతుంటే అక్కాతమ్ముళ్ళు రొప్పుకుంటూ ఉరికొచ్చేవాళ్ళు. బాపు బస్సును రోడ్డు పక్కన ఆపి, కిటికీలోంచి సగం బయటికి వంగి కేకేసేవాడు. "తొందర లేదు బిడ్డా! నేనున్న గదా, ఆపుత!" బాపు పోయి చాలా కాలమైంది. తెర మీద ఆ రెండు మాటలు చూడగానే ప్రమీల వాటిని వేలితో తడిమింది. ఆ సెలవుల్లోనే తిరుమల్ నిదానాన్ని అక్క ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో కూడా ఎక్కించాడు.

బడి తెరిచి, వానలు పడుతున్న రోజుల్లో ఐలయ్య సార్ ల్యాప్‌టాప్ మొరాయించింది. గీత మూడో వంతు దగ్గర ఆగి, ఇక పైకి పోలేదు. పక్కన అదే మాట: 'తొందర లేదు.'

"దీనికి తొందర లేదట!" అని ఐలయ్య సార్ దాని వీపు మీద పాత రేడియోను కొట్టినట్టు ఒకటి కొట్టాడు. "రేపు ఇన్‌స్పెక్షన్ ఉన్నది నాకు. ఓ టీచరమ్మా, మీ తమ్ముని చిలక నా మీద అలిగింది!"

అందరూ నవ్వారు. ప్రమీల కూడా నవ్వింది. వైరు మార్చారు, బోర్డు మార్చారు. గీత కదల్లేదు. ఐలయ్య సార్ మర్నాడు సుద్దముక్కతోనే పాఠం చెప్పాడు. బాగా చెప్పాడని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

ఆ వారం దాటలేదు. ప్రార్థన సమయంలో పిల్లల వరుసలు సర్దుతూ ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఎండకు కళ్ళు తిరిగాయేమో అనుకున్నారు. ఆ రోజు ఎండ లేదు.

ఐలయ్య సార్ దినకర్మ అయ్యాక, ఆయన ల్యాప్‌టాప్‌ను స్టోర్‌కు అప్పజెప్పమని హెడ్మాస్టరు ప్రమీలకు చెప్పాడు. ఆమె మూత తెరిచింది. వైరు గోడకు ఉంది. గీత మూడో వంతు దగ్గరే ఉంది. ఆ రోజు తను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆమె మూత వేసేసింది.

ల్యాప్‌టాప్‌ను స్టోర్‌లో ఇవ్వలేదు. సంచిలో పెట్టుకొని తమ్ముడి పరిశోధనశాలకు పోయింది.

అక్కడ ఇనుప అరల నిండా ల్యాప్‌టాప్‌లు. అన్నిటికీ వైర్లు, అన్నిటి మీదా పచ్చగీతలు. చప్పుడు లేకుండా, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా అవి పైకి పాకుతున్నాయి. ప్రమీలకు ఆసుపత్రి వార్డులోకి వచ్చినట్టనిపించింది.

"ఇట్ల ఇంకెన్ని ఆగినయి తిరుమల్?"

"పరీక్షకు బయట ఇచ్చినవాటిల్ల కొన్ని."

"ఆ ఇండ్లకు ఫోన్ చేసినవా?"

"చేసిన. ఒక ఇంట్ల దాన్ని వాడినాయన భార్య ఎత్తింది. మీ డబ్బా వాపసు తీసుకపొండ్రి, దాని దిక్కు చూడలేకపోతున్న అన్నది. ఇంకో ఇంట్ల ఎవరూ ఎత్తలే."

"మరి మీ ల్యాబుకు పెద్ద, ఆ మేడం ఏమంటున్నది?"

"ఆ మాట తీసేయమన్నది. జనం భయపడ్తరట."

"తీసేస్తే?"

"తెర మీద కనబడదు. గీత మాత్రం అట్లనే ఆగుతది." అతను ఐలయ్య సార్ ల్యాప్‌టాప్ వైరు పీకబోయాడు. ఎడమచేత్తో ఒకసారి లాగి, మళ్ళీ కుడిచేత్తో లాగాడు. "మాట తీసేసినంత మాత్రాన దానికి తెలుసుడు ఆగదు గదక్కా."

ప్రమీల అరల దగ్గర నుంచి వెనక్కి జరిగింది. "మా ఇంట్ల దాన్ని తీసేయ్‌రా. వద్దు మాకు."

"ఉండనియ్యి," అన్నాడు తిరుమల్ గబుక్కున. తరువాత గొంతు తగ్గించి, "కొన్ని రోజులు ఉండనియ్యి అక్కా. నాకోసం," అన్నాడు.

ఎందుకని ఆమె అడగలేదు.

తిరుమల్‌కు పెళ్ళి కాలేదు. ఆదివారం భోజనం అక్క ఇంట్లోనే. ఆ ఆదివారం కూడా వచ్చాడు. బగారన్నం, కోడికూర. బావ వీరస్వామి పురుగుమందుల దుకాణం సంగతులు చెబుతున్నాడు. మేనకోడలు సౌజన్య మామ పళ్ళెంలోంచి ముక్క ఎత్తుకుంది. తిరుమల్ నీళ్ళ గ్లాసు అందుకుంటే అది ఎడమచేతిలోంచి జారి, కూరంతా నీళ్ళయింది.

"మామా, నీకు ఛార్జింగు తక్కువైంది," అంది సౌజన్య.

"మీ అమ్మ చేతి కూరకు చెయ్యి వణుకుతున్నది బిడ్డా," అన్నాడు తిరుమల్. అందరూ నవ్వారు. ప్రమీల బట్ట తెచ్చి తుడిచింది.

ఆ పగలు ఇంట్లో అందరూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. వీరస్వామి దుకాణం బిల్లులు, సౌజన్య కాలేజీ పని, ప్రమీల యూనిట్ టెస్టు ప్రశ్నలు. సాయంత్రానికి మబ్బు పట్టింది. వాన మొదలవుతుండగా తిరుమల్ వెళ్ళిపోయాడు.

ఆరేసిన బట్టలు లోపల వేసి, దీపం పెట్టి, ప్రమీల ల్యాప్‌టాప్ వైపు చూసింది. గీత మూడో వంతు దగ్గర ఆగి ఉంది.

తొందర లేదు.

బయట వాన కొడుతోంది. వీరస్వామి సోఫాలో నిద్రపోతున్నాడు. ఆమె దగ్గరికి పోయి, అతని ఛాతీ లేస్తోందా లేదా అని చూసింది. లేస్తోంది. అతనికి షుగరుంది. పోయిన నెల కాలికి తిమ్మిరి అన్నాడు. లోపలి గదిలో సౌజన్య ఫోన్లో ఎవరితోనో పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు ఆగినప్పుడల్లా ప్రమీల ఊపిరి కూడా ఆగింది. తనకు ఎడమ రొమ్ము కింద అప్పుడప్పుడు వచ్చే పోటు గుర్తొచ్చింది. ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. దేవుడి పటం ముందు నిలబడితే, నేనైతే చాలు అని అడగాలనిపించింది. అడిగితే నిజమవుతుందేమోనని నోరు మూసుకుంది.

తమ్ముడికి ఫోన్ చేసింది. రెండోసారికి ఎత్తాడు.

"ఏదో తప్పుడు లెక్క అక్కా. పట్టించుకోకు. రేపొచ్చి తీసేస్త." మాటలు ముందే సిద్ధం చేసుకున్నట్టు వచ్చాయి.

మర్నాడు ఆమె బడికి సెలవు పెట్టింది. భర్తను దుకాణానికి పోనివ్వలేదు, కూతురిని కాలేజీకి పోనివ్వలేదు. ఇద్దరినీ ల్యాప్‌టాప్ ముందు నిలబెట్టి సంగతి చెప్పింది.

"నాకు చావు సర్టిఫికెట్ ఇస్తదా ఇది?" అన్నాడు వీరస్వామి. కానీ కూర్చున్నాడు. "ఏం కొట్టాలె?"

"ఏదో ఒకటి. నీ దుకాణంల మందుల పేర్లు కొట్టు."

అతను ఒక్క వేలితో, ఒక్కో మీటను వెతుక్కుంటూ పురుగుమందుల పేర్లన్నీ కొట్టాడు. ప్రమీల వైరు పెట్టింది. ముగ్గురూ వంగి చూశారు. గీత కొంచెంసేపు ఆలోచించి, మెల్లగా కదిలింది. 'సాయంత్రానికి సిద్ధం.'

వీరస్వామి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇంత సన్నగీతతోని నా పానం తీసిండు నీ తమ్ముడు."

తరువాత సౌజన్య. ప్రమీల ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, జడ సరిచేసి, వెనక్కి జరిగి గోడ వైపు తిరిగింది. మీటల చప్పుడు రేకుల మీద వానలా వినపడింది. చప్పుడు ఆగింది. వైరు పెట్టిన శబ్దం. ఆ తరువాత ఎంతకీ ఏమీ వినపడలేదు.

"ఏమన్నది బిడ్డా?"

"ఇప్పుడే కావాలట అమ్మా. ఉరుకుతున్నది."

ప్రమీల తిరిగి చూడకుండానే ఏడ్చింది. కళ్ళు తుడుచుకొని, తనూ కూర్చుంది. ఏం కొట్టాలో తోచక పదో తరగతి హాజరు పట్టీలోని పిల్లల పేర్లు వరుసగా కొట్టింది. గీత ఎక్కింది.

"చూసినవా?" అని వీరస్వామి పెద్దగా నవ్వాడు. "ఉత్తదే! నిన్న అందరిని చంపింది, ఇయ్యాల అందరిని బతికిచ్చింది. చాయ్ పెట్టు."

సౌజన్య కూడా నవ్వింది. ప్రమీల నవ్వలేదు. ముందొకసారి నవ్వింది కనుక.

నిన్న ఆ మీటలు కొట్టినది ముగ్గురే కాదు. వాన కోటు తొడుక్కొని, గడప దాటినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఒక్క మెయిల్ అక్కా," అన్నాడు. ఈ మధ్య ప్రతి ఆదివారం వెళ్ళేముందు ఒక్క మెయిల్ అంటూనే ఉన్నాడు. కోటు జేబులోంచి ఎడమచెయ్యి తీయకుండా, నిలబడే కొట్టాడు. జారిన గ్లాసు. రెండు చేతులు మార్చి లాగిన వైరు.

ఆమె చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోలేదు. కూతురి చెప్పులు వేసుకొని ఆటో ఎక్కింది.

పరిశోధనశాలలో అరల మీది తెరలన్నిటి నుంచీ ఆ మాట తీసేశారు. తిరుమల్ బల్ల మీది అతని సొంత ల్యాప్‌టాప్ మీద మాత్రం ఉంది. అక్కను చూడగానే అతను మూత వేయబోయి, ఆగిపోయాడు.

"ఎప్పటి నుంచి?" అంది ప్రమీల.

"ఐలయ్య సార్‌ది ఆగిన వారమే. ముందు మెషిన్ పాడైందనుకున్న. అందుకే మీ ఇంట్ల కొట్టి చూసిన. అది గూడ ఇదే అన్నది. నేను లేచినంక నువ్వో సౌజన్యో కూసుంటే గీత మళ్ళ ఎక్కేది, మీకు తెల్వకపోయేది. నిన్న వాన తొందర్ల ఎవరినీ కూసోబెట్టకుండనే వచ్చేసిన."

"డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలే?"

"పోతే..." అతను కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏం లేదన్నరనుకో, నా ఇన్నేండ్ల పని తప్పు. ఉన్నదన్నరనుకో, పని కరెక్టు. ఏది గెలువాల్నో నాకే సమజైతలేదక్కా. అందుకే రోజూ పొద్దున్నే వచ్చి ఇది కదులుతదేమోనని చూసుకుంట కూసుంటున్న."

"లే."

"ఇప్పుడే ఎందుకు, ఈ రిపోర్టు ఒకటి..."

"లేరా తిరుమల్."

ఎన్నో తరగతులను నిలబెట్టిన గొంతు అది. అతను లేచాడు. సంచి జిప్పు ఎడమచేతికి అందలేదు. ఆమె వంగి జిప్పు వేసి, సంచి తన భుజానికి తగిలించుకుంది.

హనుమకొండలో తీసిన స్కాను చూసి వాళ్ళు హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్‌లో డాక్టరు స్కానును వెలుతురుకు పెట్టి చూపించాడు. మెదడులో కుడివైపున చింతగింజంత గడ్డ. "చిన్నగ ఉన్నప్పుడే వచ్చిండ్రు. ఇంకొంచెం నిదానం చేస్తే ఏమయ్యేదో చెప్పలేం," అన్నాడు. ఆ మాట తన ప్రోగ్రాం పేరని ఆ డాక్టరుకు తెలియదు. తిరుమల్ అక్క వైపు చూశాడు. ఆమె అతని ఎడమచేతిని పట్టుకొనే ఉంది.

ఆపరేషన్ రోజు ప్రమీల, వీరస్వామి బయట బెంచీ మీద కూర్చున్నారు. తిరుమల్ సంచి ఆమె ఒళ్ళో ఉంది. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. ఆమె ల్యాప్‌టాప్ బయటికి తీసింది. గీత మరీ కిందికి దిగి ఉంది. పక్కన ఆ మాట.

"ఎందుకిప్పుడు అది?" అన్నాడు వీరస్వామి భయంగా. "దాని మొకం చూడకు."

ఆమె నిదానం ఎక్కడుందో వెతికింది. నిజంగా తీసేయాలా అని అది అడిగింది. తీసేసింది. పచ్చగీత, దాని మాట రెండూ పోయాయి. గోడకున్న బోర్డులో వైరు పెట్టింది. ఆపేవాళ్ళు లేక, ల్యాప్‌టాప్ ఆకలిగొన్నదానిలా గబగబా తినడం మొదలుపెట్టింది. అడుగు వేడెక్కింది, లోపల ఫ్యాను రొదపెట్టింది. సగం దాటింది. ఎనభై శాతం దాటింది. ఎనభై దగ్గర తీసేయాలని స్టాఫ్ రూంలో అందరికీ చెప్పినది తనే. ఆమె చెయ్యి వైరు దాకా పోయి, వెనక్కి వచ్చింది.

"ఎక్కనీ," అంది, ఎవరితోనో.

డాక్టరు బయటికి వచ్చాడు. గడ్డ తీశామన్నాడు. ముక్క పరీక్షకు పంపామనీ, అది ఎలాంటిదో తేలేదాకా ఏమీ చెప్పలేమనీ అన్నాడు.

తిరుమల్ మాట్లాడడానికి కొన్ని రోజులు పట్టింది. తలకు కట్టు, మాట ముద్దగా ఉంది. మొదటి మాటలు అవే.

"నిదానం... ఏమన్నది?"

"తీసేసిన."

అతను కళ్ళు మూసుకొని తెరిచాడు. "చూసి ఉంటే... తెలిసేది గదక్కా. ఇప్పుడు ఎక్కుతదా, ఆగుతదా."

"అందుకే తీసేసిన."

"నిండిందా?"

"ఎప్పుడో నిండింది. వైరు తీయలే."

"ఉబ్బుతది."

"ఉబ్బనీ. నువ్వు ఎప్పుడు అడిగితే అప్పుడు ఉండాలె."

తిరుమల్ పెదవి ఒక పక్కకే వంగింది. అది నవ్వు. "బాపు ఉంటే... తొందర లేదు... అనేటోడు."

ప్రమీల దిండు సరిచేసింది. కట్టు కింద చెమట పట్టిన నుదురు తుడిచింది.

"బాపు ఆ మాట ఊకెనే అనలేదురా," అంది. "బస్సు ఆపి అన్నడు."

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి మంచం మీద అతని ఎడమచేతి దగ్గర పెట్టింది. పాతది కావడంతో దాని అడుగు అప్పుడే కొంచెం ఉబ్బి, దుప్పటి మీద ఒక పక్కకు వాలింది. అతని చూపుడువేలు లేచింది. గాలిలో ఆగింది. వణికింది. చాలాసేపటికి ఒక మీట మీద దిగింది. తెర మీద ఒక్క అక్షరం పడింది.

రెండో అక్షరానికి ఎంత ఆలస్యమవుతుందో ప్రమీల లెక్కపెట్టలేదు. వైరు గోడకు అలాగే ఉంది. ఆమె మంచం అంచు పట్టుకొని, అతని వేలి వైపే చూస్తూ నిలబడింది.